నా పేరు మీద పదకొండు చీటీలు

పటమటలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య గోడ ఒకటే. వాడు నాకంటే మూడు నెలలు పెద్ద. ఆ మూడు నెలల్లో నేర్చుకోవాల్సినవన్నీ నేర్చేసుకుని, నేను పుట్టేసరికి నాకేమీ మిగల్చలేదని చిన్నప్పటి నుంచీ నా అనుమానం. చర్చిలో క్రిస్మస్‌కి సోలో పాట వాడిది. వెనక వరసలో కంజీర నాది. వాడికి ఇంజనీరింగు, ఆ తర్వాత కంప్యూటరు ఉద్యోగం. నాకు డిగ్రీ, ఆ తర్వాత ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపులో డిజైనర్ పని. మా అమ్మ నన్ను తిట్టేటప్పుడు నా పేరు కంటే వాడి పేరే ఎక్కువ వాడేది.

వాడికి జబ్బు చేసినప్పుడు కూడా నాకు ముందు కలిగింది ఈర్ష్యే. మా అమ్మ వాడి కోసం మూడు శుక్రవారాలు ఉపవాసం ఉంది. నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు చారన్నం తింటూనే ప్రార్థన చేసింది.

జబ్బు సంగతి మొదట తెలిసింది నాకే. ఒక సాయంత్రం ఇద్దరం డాబా మీద కూర్చున్నాం. వాడు గొంతు తగ్గించి, "బూత్ బాబాయ్ పాలల్లో ఏదో కలుపుతున్నాడ్రా" అన్నాడు.

"నీళ్ళు. అందరూ కలిపేది అదేగా" అన్నాను.

వాడు నవ్వలేదు. బూత్ బాబాయ్ అంటే మా సందు చివర పాల బూత్ నడిపే ఆయన. ఇరవై ఏళ్ళుగా మా వీధి మొత్తానికీ పాలు ఆయనవే, వాడి చిన్నప్పటి క్యారేజీకి పెరుగు కూడా ఆయనదే. నేను వేసిన జోకు నాకు బాగా నచ్చి, మర్నాడు షాపులో ఇంకో ఇద్దరికి చెప్పాను. ఒక మనిషి తన తల లోపల ఏం జరుగుతుందో మొదటిసారి నోరు విప్పి చెప్తుంటే దాన్ని నేను పాల మీద జోకు చేశానని అర్థమవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. అప్పటికి బాబాయ్ ఆసుపత్రిలో ఉన్నాడు.

ఆ మధ్యలో జరిగింది చెప్తాను. వాడు ఉద్యోగానికి వెళ్ళడం మానేశాడు. గదిలో ఫ్యాను చప్పుడులో తన గురించి మాట్లాడుకుంటున్నారనేవాడు. వాళ్ళమ్మను నేను పిన్ని అంటాను, చుట్టరికమేమీ లేదు. పిన్ని మా ఇంటికొచ్చి, సూర్యారావుపేటలో ఒక మెదడు డాక్టరున్నాడని, వాణ్ణి తీసుకెళ్ళడానికి తోడు రమ్మని అడిగింది. వెళ్ళాం. చీటీ రాసేచోట కాంపౌండరు "పేషెంటు పేరు?" అనగానే పిన్ని నోరు తెరిచి, మళ్ళీ మూసేసింది. హాలంతా జనం. ఆ చివరి కుర్చీలో, చల్లపల్లిలో ఉండే పిన్ని పెద్దాడపడుచుకి తెలిసినావిడ కూర్చుని ఉంది. కాంపౌండరు పేర్లు పిలిచేది గట్టిగా, సంతలో పిలిచినట్టు.

పిన్ని నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగింది. "నీ పేరు చెప్తానురా. ఏమనుకోకు."

"నా పేరెందుకు పిన్నీ?"

"వాడికి సంబంధాలు చూస్తున్నాం కదా నాన్నా. నీకైతే ఎలాగూ..." అని ఆగిపోయింది.

ఆగకపోయినా బాగుండేది. మిగతాది నేనే పూర్తి చేసుకున్నాను. సరే రాయించు అన్నాను. నా దగ్గరున్న వాటిలో వాడికి పనికొచ్చేది ఒక్కటైనా ఉన్నందుకు, నిజం చెప్పాలంటే, కొంచెం గర్వంగా కూడా అనిపించింది. కాంపౌండరు నా పేరు, నా వయసు పిలిచాడు. వాడు లేచి లోపలికెళ్ళాడు. హాల్లో ఉన్నవాళ్ళు వాడి వైపు జాలిగా చూశారు. నా పేరుకి జాలి దొరకడం అదే మొదటిసారి. అది కూడా వాడికే పోయింది.

ఏడాదిపాటు అలా తిరిగాం. పదకొండు సార్లు. మాత్రలు పనిచేశాయి. ఫ్యాను ఫ్యానులాగే తిరిగింది. వాడు మళ్ళీ ఉద్యోగంలో చేరాడు. అప్పుడే గన్నవరం సంబంధం వచ్చింది. మధ్యవర్తి నిజానికి మా ఇంటికే వస్తున్నాడు. గేటు దగ్గర వాడు నిలబడి ఉండటం చూసి, అటు తిరిగాడు. పెళ్ళిచూపులకు ముందు పిన్ని మాత్రలు ఆపేసింది. వాటితో పగలంతా మత్తుగా ఉంటున్నాడని, పిల్ల తరఫు వాళ్ళ ముందు తూగితే బాగుండదని. పాస్టరు గారు ఇంటికొచ్చి ప్రార్థన చేశారు. మందులు మానమనో వాడమనో ఆయన చెప్పే అవకాశమే లేదు, మందుల సంగతి ఆయనకూ చెప్పలేదు మేము.

మూడు నెలలకి పాలు మళ్ళీ మొదలయ్యాయి. ఈసారి వాడు గొంతు తగ్గించలేదు. బూత్ ముందు నిలబడి అరిచాడు. సంబంధం వాళ్ళు ఫోనెత్తడం మానేశారు. పాత డాక్టరు దేశంలో లేడు, నెల తర్వాత వస్తాడన్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడ అసలు పేరే రాయించాలి, ఆధార్ కార్డు అడిగారు. "ఇంతకుముందు ఎక్కడైనా చూపించారా? కాగితాలేవి?" అని కూడా అడిగారు. పిన్ని సంచిలో పదకొండు చీటీలూ ఉన్నాయి. తీయలేదు. తీస్తే దొంగ పేరుతో వైద్యం చేయించుకున్నామని కేసు పెడతారేమోనని ఆవిడ భయం. "ఇదే మొదటిసారండీ" అంది. మొదటిసారి వచ్చిన వాడికి, నిలబడి ప్రశ్నలకి జవాబులు చెప్తున్న వాడికి బెడ్డు ఇవ్వరు. గురువారం ఓపీకి రమ్మన్నారు.

నేను ఆవిడ పక్కనే ఉన్నాను. నోరు విప్పి ఆ చీటీలు వీడివేనండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. షాపులో అర్జెంటు పని ఉంది, అది నిజమే. పొద్దుట్నుంచీ పిన్ని, ఒక నర్సు, ఒక వాచ్‌మన్ వాడి చుట్టూనే తిరుగుతుంటే నాకు విసుగొచ్చింది, అదీ నిజమే.

ఆ గురువారం రాకముందే, మంగళవారం పొద్దున వాడు షట్టరు దించే ఇనప కొక్కెంతో బూత్ బాబాయ్‌ని కొట్టాడు. ఆయన తల కాచుకోబోతే కుడిచెయ్యి మీద పడింది. ఎముకలు, నరాలు అన్నీ పోయాయి. కొట్టి, ఇంటికి నడిచొచ్చి, చేతులు కడుక్కుని, వాళ్ళమ్మతో "ఇంక పాలు తాగొచ్చమ్మా" అన్నాడు.

మా వీధికి అంత పేరు ఎప్పుడూ రాలేదు. మర్నాడు పొద్దున టిఫిన్ బండి దగ్గర పెసరట్టు పెనం మీద పడేలోపు వాడికి ఉరి పడింది. అల్లం చట్నీ వచ్చేసరికి ఉరి చాలదని తేలింది. కోర్టులెందుకు, పోలీసులకే వదిలేస్తే పోలా అని ఒకాయన, నడిరోడ్డు మీద అదే కొక్కెంతో కొట్టాలని ఇంకొకాయన. రెండో ప్లేటు తినేవాళ్ళకి శిక్షలు మరీ ఘోరంగా తోచాయి. వాడికి మతి సరిగా లేదేమోనండీ అని ఎవరో మెల్లగా అంటే, "అదంతా నాటకం. లాయర్లు నేర్పుతారు. మతి లేనోడికి ఎవడు బలహీనుడో ఎలా తెలుస్తదండీ?" అని మా బావే కొట్టిపారేశాడు.

మా బావ అంటే మా అక్క మొగుడు. బందరు రోడ్డులో సెల్‌ఫోన్ల షాపు. మా వీధికి వచ్చి రెండేళ్ళు. వాడితో మాట్లాడింది మహా అయితే నాలుగు సార్లు, అందులో మూడు చార్జర్ గురించి. టీవీ వాళ్ళ కారు ఆగగానే మైకు ఎలా దొరికిందో గానీ ఆయన చేతిలో ఉంది. "చిన్నప్పటి నుంచీ చూస్తున్నానండీ. ఆ కళ్ళల్లోనే ఉండేది క్రూరత్వం" అన్నాడు. అది గంట తిరక్కముందే టీవీలో వచ్చి, రోజంతా తిరిగింది. మా అక్క చుట్టాలందరికీ పంపించింది. మచిలీపట్నం నుంచి ఫోన్లు.

నాకు కడుపు మండిపోయింది. వాడి చిన్నప్పటి సంగతులు కావాలంటే ఇరవై ఏడేళ్ళ సరుకు నా దగ్గరుంది, అడిగినవాడు లేడు. లోపలికెళ్ళి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర నాకేదో పనున్నట్టు, ఇంకా వీధిలోనే ఉన్న కెమెరా ముందు నుంచి రెండుసార్లు నడిచాను. మూడోసారికి టీవీ అమ్మాయి మైకు పెట్టింది.

"మీకు ఆయన తెలుసాండీ?"

"తెలియకపోవడమేంటండీ. చిన్నప్పుడు నా బ్యాటు విరగ్గొట్టాడు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, తల ఊపింది. సాయంత్రానికి నా మొహం కింద ఎర్ర పట్టీలో 'బాల్యం నుంచే హింసా ప్రవృత్తి: స్నేహితుడు' అని వచ్చింది. మా బావ ఫోను చేసి, "నువ్వు కూడా వచ్చావే. కానీ మరీ ఒక్క ముక్కే చెప్పావు" అన్నాడు. ఆయనకి ఇరవై సెకన్లు, నాకు నాలుగు. సిగ్గుపడాల్సిన సంగతి అక్కడ ఇంకేదో ఉందని తెలుసు. నేను మాత్రం సెకన్లే లెక్కపెట్టుకున్నాను.

ఆ వారం కొవ్వొత్తుల ఊరేగింపుకి ఫ్లెక్సీ ఆర్డరు మా షాపుకే వచ్చింది. బాబాయ్‌కి న్యాయం చేయాలని పైన, నిందితుడిని ఉరి తీయాలని కింద. చేసేది నేనే. వాడి ఫొటో కావాలన్నారు. నా ఫోన్లో ఉన్న వాటిలో మంచిది మేమిద్దరం కృష్ణ ఒడ్డున దిగింది. నన్ను కత్తిరించి వాడి మొహాన్ని ఆరడుగులు చేశాను. వెలుతురు బాగా పడిన ఫొటో, ఉరి తీయమన్నా అందంగానే ఉన్నాడు.

కొవ్వొత్తులు ఆరాయి. వీధికి వేరే విషయాలు దొరికాయి. వాడు జైల్లో, బాబాయ్ ఇంట్లో, బూత్‌లో ఆయన భార్య. కేసు విచారణకి రావడానికి ఏడాదిన్నర పట్టింది. పిన్నికి లాయరును పెట్టుకునే స్తోమతు లేదు, కోర్టు వాళ్ళే ఒకావిడను ఇచ్చారు. నా వయసే ఉంటుంది, నల్ల కోటు ఆమెకంటే పెద్దది. ఉన్న సంగతి సూటిగా చెప్పింది. "కొట్టాక ఇంటికెళ్ళి చేతులు కడుక్కున్నాడు కాబట్టి తప్పని తెలుసు అంటారు వాళ్ళు. జబ్బు ముందు నుంచీ ఉందని కాగితం మీద చూపించాలి. లేకపోతే పదేళ్ళు. లోపల మందులు కూడా ఉండవు, ఎందుకంటే జబ్బే లేదన్నమాట."

పిన్ని బియ్యం డబ్బా అడుగు నుంచి ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చి ఇచ్చింది. లాయరమ్మ చీటీలు ఒక్కోటి తిప్పి, పేరు చూసి, నా వైపు తిరిగింది.

"మీరా పేషెంటు?"

"కాదండీ. పేరు మాత్రమే."

ఆమె కూడా నవ్వలేదు. ఆ కేసులో నా జోకులకి ఎవరూ నవ్వలేదు. "మీరొచ్చి చెప్పాలి. ఇవి మీవి కావు, అతనివని. డాక్టరుకి మొహం గుర్తుండొచ్చు, పేరు ఎందుకు మారిందో చెప్పాల్సింది మీరే" అంది.

ఇంట్లో గొడవైంది. మా అమ్మ ఏడ్చింది. మా బావ కుర్చీ లాక్కుని కూర్చుని నచ్చజెప్పాడు. "చూడు బామ్మర్దీ, నువ్వెళ్ళి చెప్తే వీధిలో నిన్ను ఎవరూ నిలబడనివ్వరు. ఆ చీటీల్లో నీ పేరుందని తెలిస్తే ఇంక సంబంధాలు కూడా రావు."

"ఇప్పుడేమన్నా క్యూలో ఉన్నాయా బావా?"

"అలా వెటకారాలాడితే ఎట్టా? నువ్వు మంచి మాటకారివి. టీవీలో అయితే సరే, ఇది కోర్టు."

ఆయన అన్నదాంట్లో నాకు గుచ్చుకున్నది టీవీ మాటే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది గానీ, పట్టింది. పొద్దున లేచేసరికి పిన్ని మా అరుగు మీద కూర్చుని ఉంది. వెళ్తావా అని అడగలేదు. కాఫీ ఇస్తే తాగి గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది. వెళ్ళాను.

కోర్టులో సాక్షి చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యరు. జడ్జి గారు విని, తన మాటల్లో పక్కనున్న టైపిస్టుకి చెప్తారు. మనం వంకరగా చెప్పింది కూడా ఆయన నోట్లోంచి నిటారుగా బయటికొస్తుంది. నేను కాంపౌండరు సంగతి, చల్లపల్లి ఆవిడ సంగతి, గన్నవరం సంబంధం సంగతి చెప్పాను. జడ్జి గారు, "నిందితుడికి వివాహం కాదన్న భయంతో సాక్షి పేరును వాడుకున్నారు" అని చెప్పించారు. అంతే. ఏడాది తిరుగుడు ఒక్క లైను.

తర్వాత ప్రభుత్వ లాయరు గారు లేచారు. ఫోనులో వీడియో పెట్టి చూపించారు. ఇస్త్రీ చొక్కాలో నేను.

"ఇది మీరేనా?"

"నేనేనండీ."

"చిన్నప్పటి నుంచే హింస చేసేవాడని మీరే చెప్పారు. ఇప్పుడు జబ్బంటున్నారు. ఏది నిజం?"

"బ్యాటు విరగ్గొట్టాడన్నానండీ. హింస అని వాళ్ళు రాసుకున్నారు."

"మీ మీద కోపంతోనే విరగ్గొట్టాడు కదా?"

"కాదండీ. సిక్సు కొట్టాడు. విరిగింది."

వెనక బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆ కేసు మొత్తానికీ దొరికిన నవ్వు అదొక్కటే. అప్పుడు నేను జోకు వెయ్యలేదు కూడా. జడ్జి గారు కళ్ళజోడు మీంచి చూశారు. "మరి టీవీలో అలా ఎందుకు చెప్పారు?"

బోనులో కొయ్య అంచు చేతులు పడి పడి నున్నగా అయ్యింది. నేను దాన్నే చూస్తూ చెప్పాను. "ఈర్ష్యండీ. వాడంటే నాకు చిన్నప్పటి నుంచీ ఈర్ష్య. ఆ రోజు మా బావని టీవీలో చూసి ఇంకొంచెం ఎక్కువైంది."

జడ్జి గారు టైపిస్టు వైపు తిరిగారు. "సదరు వీడియోలోని మాటలు ఈర్ష్యతో చెప్పినట్లు సాక్షి ఒప్పుకున్నాడు." కీబోర్డు టకటకలాడింది. నాలుగు చోట్ల సంతకం పెట్టించుకున్నారు. చదివి చూసుకోమన్నారు. చదివాను, తప్పుల్లేవు.

డాక్టరు గారు ఇంకో వాయిదాకి వచ్చారు. పేరు గుర్తులేదు గానీ మనిషి ఇతనే అన్నారు. తీర్పు రోజు బాబాయ్ కూడా వచ్చాడు, కుడిచెయ్యి చొక్కా లోపల మడిచి. కొట్టిన క్షణంలో మతి లేదని రుజువు కాలేదు కాబట్టి నేరం నేరమే అన్నారు జడ్జి గారు. జబ్బు మాత్రం నిజమని ఒప్పుకున్నారు. ఐదేళ్ళు, లోపల మనోవైద్యుడి పర్యవేక్షణలో మందులు. బయట మెట్ల మీద మా బావ, "ఐదేళ్ళా, అందులో సగం అయిపోవచ్చింది. ఇదేం న్యాయం" అని ఒక ఫోను ముందు మాట్లాడుతున్నాడు. మైకు లేదు, తన ఫోనే, తనే పట్టుకున్నాడు.

బాబాయ్ నా దగ్గర ఆగాడు.

"ఆ పాల సంగతి వాడు నీకు ముందే చెప్పాడంటగా?"

"చెప్పాడు బాబాయ్."

"నాక్కూడా చెప్పుంటే నేను నాలుగు రోజులు మీ వీధికి పాలు మానేసేవాణ్ణిరా." తీర్పు గురించి ఏమీ అనలేదు. మా బావ ఆయన్ని ఫోను ముందుకి పిలిచాడు. ఆయన వెళ్ళలేదు.

వాణ్ణి వ్యాను వైపు నడిపిస్తున్నారు. పిన్ని, నేను పరిగెత్తాం. వాడు వాళ్ళమ్మతో బానే మాట్లాడి, నా వైపు తిరిగాడు. ధన్యవాదాలు చెప్తాడేమోనని, ఏం జోకు వేసి తప్పించుకోవాలా అని ఆలోచిస్తున్నాను.

"ఎందుకు చెప్పావురా?" అన్నాడు. "పదేళ్ళు వేసినా ఉండేవాణ్ణి. పిచ్చోడని రాయించావు."

కానిస్టేబులు వాడి భుజం మీద చెయ్యి వేశాడు. వ్యాను తలుపు పడింది.

వాణ్ణి రాజమండ్రి పంపించారు. నెలకోసారి పిన్నితో పాటు రైల్లో నేనూ వెళ్తున్నాను. మొదటి రెండు సార్లూ వాడు నా ములాఖత్‌కి రానన్నాడు. పిన్ని మాట్లాడి వచ్చేదాకా బయట బల్ల మీద కూర్చున్నాను. మూడోసారి వచ్చాడు. ఒళ్ళు చేశాడు. ఇనప జాలీకి అటువైపు కూర్చుని నన్ను తిన్నగా చూశాడు.

"మాత్రలు ఇస్తున్నారా?"

"ఇస్తున్నారు. పొద్దునొకటి, రాత్రి రెండు."

"నిద్రొస్తోందా?"

"అది నీకెందుకు? నీ మీద నాకు కోపంగా ఉంది. ఎందుకో కూడా చెప్తాను విను" అని మొదలుపెట్టాడు. పెద్దాసుపత్రిలో నేను నోరు మూసుకున్న దగ్గర్నుంచి టీవీ దాకా, ఫ్లెక్సీ దాకా, కోర్టు దాకా వరసగా, ఒక్క తేదీ తప్పకుండా చెప్పుకుంటూ పోయాడు. ఎక్కడా తడబడలేదు. ఎక్కడా పాలు రాలేదు. నేను అన్నిటికీ తలూపాను. పక్కన పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాడి మాటల్ని కాదు, వాడు మాట్లాడటాన్ని చూస్తోంది. వార్డరు టైము అయిపోయిందన్నాడు.

"ఇంకా ఉంది. వచ్చే నెల చెప్తాను" అన్నాడు వాడు.

"రాసుకుని ఉంచు, మర్చిపోతావు" అన్నాను.

"నేను మర్చిపోను" అన్నాడు. అదీ నిజమే. నేనైతే సగం మర్చిపోయి ఉండేవాణ్ణి.